చదువు మధ్యలో ఆగిన బిడ్డకు వైద్యవిద్య: ఏ దారి మేలు?

మన సంఘ కార్యాలయమునకు వచ్చు నేతపనివారు ఒకప్పుడు నూలు ధర, మజూరీ, రిబేటు బకాయి, ఈ మూడింటిని గురించియే అడుగుచుండిరి. ఇప్పుడు నాలుగవ ప్రశ్న ఒకటి చేరినది. "మా బిడ్డ పదవ తరగతి కాగానే మగ్గానికి వచ్చేసింది. ఇప్పుడు డాక్టరు చదువు చదువుతానంటోంది. దారి ఉన్నదా?" అని అడుగుచున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడుగుచున్నందున, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె ఈ పత్రికలో వ్రాయుట మంచిదని తోచినది.

ఈ ప్రశ్నకు ఊరిలో దొరకు జవాబులు చిత్రముగా ఉన్నవి. బడి పంతులుగారిని అడిగిన, "వయస్సు దాటినదమ్మా, ఇక లాభము లేదు" అందురు. కోచింగు సెంటరువారిని అడిగిన, "ఫీజు కట్టండి, మిగిలినది మేము చూచుకొందుము" అందురు. బస్టాండు ఎదుట బోర్డు కట్టిన ఏజెంటు, "ఇక్కడ ఎందుకండీ ఈ బాధ, విదేశమునకు పంపండి" అనును. మూడు నోళ్లలో మూడు మాటలు. మూడింటిలో ఏదియు సరియైనది కాదు.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను దాటి చదివినవారమును కాము. కాని కాగితము చదువుట, నిబంధన ఎక్కడ ఏమి అడుగుచున్నదో చూచుట సహకార సంఘ కార్యదర్శికి దినదినపు పని. ఆ అలవాటుతో ఈ సంగతి చదివి తెలిసికొన్నదానిని, మా అభిప్రాయమును కలిపి ఇక్కడ చెప్పుచున్నాము. దారి ఉన్నది. అయితే బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చునన్న ఆలోచనకు ముందే, పన్నెండవ తరగతి ఎక్కడ, ఏ పద్ధతిలో పూర్తి చేయవలెనో తేల్చుకొనవలెను. సేలము, కంచి, షోలాపురము, బరంపురము, యానాము వంటి చోట్ల తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములు దెబ్బ తినుచున్నది సరిగా అక్కడనే.

ముందుగా వయస్సు సంగతి, ఓపెన్ స్కూలు సంగతి. పంతులుగారి మాటకు ఆధారము లేకపోలేదు. అది పాత ఆధారము. 2018లో అప్పటి మెడికల్ కౌన్సిలు నిబంధనలు మార్చి, జనరల్ వర్గమువారికి 25 ఏండ్లు దాటరాదనియు, ఓపెన్ స్కూలులో చదివినవారు, ప్రయివేటుగా పరీక్షకు కట్టినవారు అర్హులు కారనియు రెండు అడ్డుకట్టలు వేసినది. అదే సంవత్సరము మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఓపెన్ స్కూలు అడ్డును కొట్టివేసినది. వయోపరిమితిని మాత్రము నిలిపినది. మెడికల్ కౌన్సిలు స్థానములో వచ్చిన జాతీయ వైద్య కమిషను 2022 మార్చిలో వయోపరిమితిని కూడ తొలగించినది. ఓపెన్ స్కూలు వివాదము 2024లో సుప్రీంకోర్టులో విద్యార్థులకు అనుకూలముగా ముగిసినది. ఈ మధ్యలో 2023 నవంబరులో కమిషను మరియొక ప్రకటన చేసినది: ప్లస్‌టూలో బయాలజీ చదువనివారు, ఆ పరీక్ష నెగ్గిన తర్వాత గుర్తింపు పొందిన బోర్డు ద్వారా దానిని అదనపు సబ్జెక్టుగా చదివి వ్రాసినను చాలునని. లెక్కల గ్రూపు చదివిన పిల్లలకు కూడ ఈ విధముగా తలుపు తెరచుకొన్నది.

కనుక ఇరువదిరెండేండ్ల పిల్లకు "వయస్సు దాటినది" అని ఎవరు చెప్పినను నమ్మనక్కరలేదు. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. పైన హద్దు లేదు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ లేక బయోటెక్నాలజీ, వీనితో ఇంగ్లీషు, ఈ నాలుగు సబ్జెక్టులతో పన్నెండవ తరగతి నెగ్గవలెను. సైన్సు సబ్జెక్టులు మూడింటిలో కలిపి జనరల్ వర్గమువారికి 50 శాతము, వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు 40 శాతము రావలెను. ఆ తర్వాత నీట్ పరీక్ష. ఎక్కడ చదివినను, ఎట్లు చదివినను అందరికి అదే పరీక్ష.

సేలములోని చేనేత సాంకేతిక సంస్థలో గాని, మరియొక పాలిటెక్నిక్కులో గాని పదవ తరగతి తర్వాత మూడేండ్ల డిప్లొమా చేసిన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆ డిప్లొమా మంచిదే. అద్దకములోను డిజైనులోను మనకు ఇప్పుడు కావలసినవారే వారు. కాని వైద్యవిద్యకు అది ప్లస్‌టూకు బదులుగా చెల్లదు. ఆ పిల్లవాడు కూడ పన్నెండవ తరగతి సైన్సుతో వ్రాయవలసినదే. "డిప్లొమా ఉన్నది కదా, నేరుగా నీట్‌కు కట్టుము" అని సలహా ఇచ్చువారు దరఖాస్తు ఫీజు పుచ్చుకొని తప్పుకొందురు; సర్టిఫికెట్ల తనిఖీ నాడు బిడ్డ ఒక్కడే నిలువవలసి వచ్చును.

"తప్పి తప్పి చదివినవాడు డాక్టరు అగునా?" అని మన పెద్దలు అనుచుందురు. వారికి ఒక తెలుగువాని పేరు చెప్పవలెను. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి నెగ్గిరి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుచుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సశాలకు పోయినందున ఆచార్యునికి కోపము వచ్చినది. ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు చేతికి వచ్చినది. ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పుకొని బ్రతికి, 1923లో అమెరికాకు చేరి హార్వర్డులో చదివి, తర్వాత లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆసిడు, మెథోట్రెక్సేటు, ఆరియోమైసిన్ ఆ పరిశోధనలలోనుండి వచ్చినవే. కీళ్లవాతమునకు, కొన్ని కేన్సరులకు నేటికిని మెథోట్రెక్సేటు ఇచ్చుచున్నారు. చేతినేత గుడ్డ కట్టినందుకు పట్టా పోగొట్టుకొన్న వైద్యుడు మన నేతవారి ఇండ్లలో తెలియకుండుట మాత్రము వింతయే.

ఇక ఓపెన్ స్కూలు దారి. మా సంఘ సభ్యులలో ఒకరి కుమార్తె సంగతి చెప్పెదము, పేరు అక్కరలేదు. పదవ తరగతి మంచి మార్కులతో నెగ్గినది. ఆ సంవత్సరమే తండ్రికి నడుము పట్టి గుంటమగ్గములో దిగలేకపోయెను. పిల్ల కండెలు చుట్టుట, అచ్చులు అతుకుట మొదలుపెట్టి, రెండవ ఏట మగ్గమెక్కినది. ఐదేండ్లు చీరలు నేసినది. తమ్ముడు చేతికి అందివచ్చిన తర్వాత ఒకనాడు తల్లిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు వచ్చి, "అన్నా, నేను మళ్లా చదువుతాను. ఏం చేయాలో చెప్పు" అన్నది. తల్లి ముఖము చూచితిమి. ఆమెకు సంతోషమును కలదు, భయమును కలదు. పెండ్లి ఈడు దాటుచున్నదన్న భయము ఒకవైపు, నెలకు నాలుగు చీరల మజూరీ పోవునన్న భయము మరియొకవైపు.

అట్టి పిల్లకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.ఓ.ఎస్., సరియైన దారి అని మా నమ్మకము. 1989లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ సంస్థ ఇది. సంవత్సరమునకు రెండుసార్లు, ఏప్రిల్-మే నెలలలోను అక్టోబరు-నవంబరులోను పబ్లిక్ పరీక్షలు జరుపును. ఒకసారి చేరినచో ఐదేండ్లలోపున తొమ్మిది పర్యాయములు పరీక్షకు కూర్చుండు అవకాశము ఉన్నది. ఒక్కొక్క సబ్జెక్టును విడిగా వ్రాసి నెగ్గవచ్చును. దీపావళికి ముందు రెండు నెలలు మగ్గము విడువలేని ఇంటికి ఈ వెసులుబాటు చిన్నది కాదు. అయితే రెండు జాగ్రత్తలు. సైన్సు సబ్జెక్టులకు ప్రాక్టికల్సు ఉండును. స్టడీ సెంటరులో ప్రయోగశాల నిజముగా ఉన్నదో, బోర్డుమీద మాత్రమే ఉన్నదో స్వయముగా పోయి చూడవలెను. రెండవది, నెగ్గుటకు 33 మార్కులు చాలును గాని వైద్యవిద్యకు చాలవు. 40 గాని 50 గాని శాతము లేనిచో నీట్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినను సీటు రాదు.

ఫీజు విషయములో మనవారికి తెలియని సదుపాయము ఒకటి కలదు. 2016లో కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ ఎన్.ఐ.ఓ.ఎస్. తోను, ఇగ్నో విశ్వవిద్యాలయముతోను ఒప్పందము చేసికొని, చేనేత కుటుంబములలోని స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజులో 75 శాతము తాను భరించునట్లు ఏర్పాటు చేసినది. చేరుటకు ముందే, ఈ ఏటి దరఖాస్తు కొరకు దగ్గరలోని నేతపనివారల సేవాకేంద్రములో నేత గుర్తింపు కార్డు చూపి అడుగుడు. ఫీజు కట్టిన తర్వాత పోయి అడిగిన, ఆ మాట ముందు చెప్పవలసినది కదా అందురు. అది అన్ని ఆఫీసులలోను ఉన్నదే.

ఇంత చెప్పిన మేమే ఇప్పుడు ఎదురు మాట ఒకటి చెప్పవలసి యున్నది. ఓపెన్ స్కూలు, బడి పోయిన బిడ్డ కొరకు. బడి ఉన్న బిడ్డను బడి మాన్పించి అందులో చేర్చుట తెలివి కాదు. ఇటీవల కొన్ని కోచింగు సెంటర్లవారు, "బడికి పోవుట కాలము వ్యర్థము, పేరుకు ఓపెన్ స్కూలులో ఉంచి దినమంతయు మా యొద్దనే చదివించుడు" అని పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులకు బోధించుచున్నారు. తమిళనాడులోని మనవారు ఈ మాట వినినచో ఏమి పోవునో చూడుడు. ప్రభుత్వ పాఠశాలలో ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు చదివినవారికి వైద్య కళాశాలలలో 7.5 శాతము సీట్లు ప్రత్యేకముగా ఉంచు చట్టము 2020లో వచ్చినది. ఆ కోటాలో సీటు వచ్చినవారి ఫీజును ప్రభుత్వమే భరించుచున్నది. కార్పొరేషను బడిలో చదువుచున్న నేతవాని బిడ్డకు ఇంతకంటె దగ్గరి దారి మరియొకటి లేదు. ప్లస్‌వన్‌లో ప్రయివేటు బడికో ఓపెన్ స్కూలుకో మారిన నాడే అది పోవును, తిరిగి రాదు. ఒడిశాలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 15 శాతము 2021లో వచ్చినది. పుదుచ్చేరిలో 10 శాతము 2023లో వచ్చినది. యానాము పిల్లలకు దానితోపాటు ప్రాంతీయ కోటా కూడ ఉన్నది. బరంపురము, యానాము సోదరులు ఈ అంకెలను గోడమీద వ్రాసికొనవలెను.

చదువు ఆగి ఒకటి రెండేండ్లే అయినచో, ఓపెన్ స్కూలుకు పోవుటకు ముందు పాత ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని యొద్దకు పోయి, తిరిగి ప్లస్‌వన్‌లో చేర్చుకొందురేమో అడుగుడు. సిగ్గుపడనక్కరలేదు. తనకంటె రెండేండ్లు చిన్నవారి ప్రక్కన బెంచీమీద కూర్చుండుట కష్టమే. కాని ఆ బెంచీ విలువ ఇంత.

ఇప్పుడు మేము అన్నిటికంటె ముఖ్యమని తలచు విషయము. ఏ రాష్ట్రపు జాబితాలో మన బిడ్డ నిలుచును? ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతము అఖిలభారత కోటా. మిగిలిన 85 శాతము ఆయా రాష్ట్రముల పిల్లలకు. "ఆ రాష్ట్రపు పిల్ల" అనగా ఎవరన్నది ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క విధముగా చెప్పుచున్నది. మహారాష్ట్రలో నివాస సర్టిఫికెట్టు ఉండుటయే గాక, పదవ తరగతియు, పన్నెండవ తరగతియు ఆ రాష్ట్రములోనే నెగ్గియుండవలెను. కర్ణాటకలో ఏడేండ్ల చదువు అక్కడ ఉండవలెను. తెలంగాణలో తొమ్మిది నుండి పన్నెండు వరకు నాలుగేండ్లు అక్కడ చదివినవారే స్థానికులు. ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించినది. ఆంధ్రప్రదేశములో కూడ వరుసగా నాలుగేండ్ల లెక్క ఉన్నది.

ఇవి చదివి ప్రక్కన పెట్టకుడు. షోలాపురములో మా బంధువర్గపు ఇంట జరిగినది వినుడు. కుర్రవాడు చురుకైనవాడు. పదవ తరగతి షోలాపురములోనే మంచి మార్కులతో నెగ్గెను. మన తెలుగుదేశములో చదువు బాగుండునని, చుట్టములు కూడ ఉన్నారని, ఇంటర్మీడియేటుకు తెలంగాణలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చిరి. రెండేండ్లలో రెండు మగ్గముల విలువ ఖర్చయినది. నీట్‌లో మార్కులు బాగుగనే వచ్చినవి. మహారాష్ట్ర జాబితాకు పోగా, పన్నెండు ఇక్కడ చదువలేదు గనుక కుదరదనిరి. తెలంగాణకు పోగా, నాలుగేండ్లు లేవు గనుక స్థానికుడు కాడనిరి. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ మాటలాడు బిడ్డ రెండు రాష్ట్రములకును పరాయివాడైనాడు. మిగిలినది 15 శాతము అఖిలభారత కోటా. దానికి ఆ మార్కులు చాలలేదు. షోలాపురములోనే చదివి అవే మార్కులు తెచ్చుకొనియుండినచో, సొంత రాష్ట్రపు జాబితాలో నిలువగలిగియుండెడివాడు. కాలేజీలో చేర్చుకొన్ననాడు ఈ సంగతి ఆ తండ్రికి ఎవరును చెప్పలేదు. చెప్పవలసిన అవసరము కాలేజీవారికి లేదు. వారికి కావలసినది ఫీజు.

తెలుగుదేశముపై మనకున్న మమకారము మంచిదే. పెండ్లిసంబంధములకు పోవుదము, తిరుపతికి పోవుదము, భాషను నిలుపుకొందము. కాని పన్నెండవ తరగతికి మాత్రము బిడ్డ పుట్టి పెరిగిన రాష్ట్రము దాటరాదు. ఓపెన్ స్కూలులో చేరువారును స్టడీ సెంటరును సొంత జిల్లాలోనే ఎంచుకొనవలెను. ఏజెంటు ఎవరైన, "పరీక్ష అక్కడ సులభము" అని పొరుగు రాష్ట్రపు సెంటరు చూపించినచో, అక్కడనుండి లేచి రండు.

కుల సర్టిఫికెట్టు కూడ ఇటువంటిదే. మన నేతకులముల పేర్లు ఒక్కొక్క రాష్ట్రపు జాబితాలో ఒక్కొక్క విధముగా, ఒక్కొక్కప్పుడు వేరు అక్షరములతో ఉన్నవి. తాతగారి కాగితములో ఒకటి, బడి రికార్డులో ఒకటి ఉన్నచో ఇప్పుడే సరిచేయించుకొనుడు. రాష్ట్రపు కోటాకు రాష్ట్రపు నమూనాలోను, అఖిలభారత కోటాకు కేంద్రపు నమూనాలోను వేరువేరుగా కావలెను. అఖిలభారత కోటాలో రాష్ట్రములిచ్చిన సీట్లకు కూడ వెనుకబడిన తరగతుల 27 శాతము 2021 నుండి అమలులోనికి వచ్చినది గనుక, ఈ రెండవ కాగితమును అలక్ష్యము చేయరాదు.

పరీక్షను గురించి కొంచెము. 2025 నుండి నీట్‌లో 180 ప్రశ్నలు, మూడు గంటలు, 720 మార్కులు. సరియైన జవాబుకు నాలుగు మార్కులు వచ్చును. తప్పినచో ఒకటి పోవును. ప్రశ్నలలో సగము, అనగా 90, బయాలజీవే. ఫిజిక్సుకు భయపడు మన పిల్లలు ఈ లెక్క చూచి కొంత ధైర్యము తెచ్చుకొనవచ్చును. ప్రశ్నపత్రము తెలుగుతో సహా 13 భాషలలో ఉండును. కాని ప్రాంతీయభాషల పత్రము నిర్ణీత రాష్ట్రముల కేంద్రములలోనే దొరకును. భాషను దరఖాస్తులోనే ఎంచుకొనవలెను. అనువాదములో సందేహము వచ్చినచో ఇంగ్లీషు ప్రశ్నయే ప్రమాణము. కళాశాలలో పాఠములును ఇంగ్లీషులోనే గనుక, మొదటి దినము నుండి పారిభాషిక పదములను ఇంగ్లీషులోనే పలికి వ్రాసి నేర్చుకొనుట మంచిది. తమిళనాడులో నీట్ అసలు వద్దను వివాదము నడచుచున్నది. శాసనసభ 2021లో బిల్లు చేసినది, 2022లో తిరిగి చేసినది, రాష్ట్రపతి ఆమోదము నిరాకరింపబడినట్లు 2025లో తెలిసినది. ఆ వాదము ఎవరిదైన కానిండు. ఈ ఏడు పరీక్షకు కూర్చుండు బిడ్డ దానిని నమ్ముకొని పుస్తకము మూయరాదు.

సీటు ఎంత కష్టమో దాచరాదు. 2024లో 23 లక్షలకు పైగా విద్యార్థులు పరీక్ష వ్రాసిరి. దేశమంతట ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు పైన. ప్రభుత్వ కళాశాలలలోనివి అందులో రమారమి సగమే. ఎన్నిసార్లైనను వ్రాయవచ్చును, హద్దు లేదు. కాని ఇంటికి హద్దు ఉండవలెను. ప్లస్‌టూ అయిన తర్వాత, మగ్గము పని పూర్తిగా మాన్పించి, ఒక సంవత్సరము చొప్పున రెండు ప్రయత్నములు ఇయ్యవలెనని మా అభిప్రాయము. పగలు నేసి రాత్రి చదువుమనుట ప్రయత్నము కాదు. ఆ సంవత్సరమును వ్యర్థము చేయుటయే. రెండు ప్రయత్నములలో రానిచో బి.ఎస్‌సి. నర్సింగు, ఫిజియోథెరపీ, లేబొరేటరీ చదువులు ఉన్నవి. అదే ప్లస్‌టూ వానికిని పనికి వచ్చును. ఆ మాట మొదటనే బిడ్డతో కూర్చుండి మాటలాడుకొనవలెను. తప్పిన తర్వాత చెప్పినచో అది శిక్షవలె ఉండును.

విదేశపు ఏజెంట్లను గురించి రెండు మాటలు చాలును. అక్కడ చదువుటకు కూడ నీట్‌లో అర్హత కావలెను. 2021 నిబంధనల ప్రకారము అక్కడ ఇంగ్లీషులో 54 నెలల చదువు, పండ్రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడికి వచ్చిన తర్వాత మరల పండ్రెండు నెలలు. మధ్యలో స్క్రీనింగు పరీక్ష, 300 మార్కులకు 150 రావలెను. 2024 జూన్ విడతలో ఆ పరీక్ష వ్రాసినవారిలో ఐదుగురికి ఒక్కరి చొప్పున మాత్రమే నెగ్గిరి. ఏజెంటు రంగుల పుస్తకములో మంచు, భవనములు, నవ్వుచున్న పిల్లలు కనబడుదురు. ఈ అంకె కనబడదు. ఇల్లు తాకట్టు పెట్టి ఈ జూదమాడుట నేతపనివానికి తగదని మేము నిష్కర్షగా చెప్పుచున్నాము.

"పిల్లలందరు డాక్టర్లయితే నేసేదెవరు?" అని సంఘ సమావేశములలో అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కాని 2019-20 నాటి చేనేత గణనలో తేలిన 35 లక్షల పైచిలుకు పనివారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. అనగా ఈ వృత్తి నిలిచియున్నది మన ఆడబిడ్డల చేతులమీదనే, అందునను చాలమంది చదువు మాని వచ్చిన చేతులమీద. మజూరీ చాలక మగవారు వేరు పనులకు పోవుచుండగా, ఆడపిల్ల చదువు ఆపి మగ్గమును నిలుపుదమనుట వృత్తిని కాపాడుట కాదు. మజూరీ పెంచుడు, మగ్గము దానంతట అదే నిలుచును. గుంటమగ్గములో కూర్చుండువాని మోకాళ్లు, నడుము, సన్ననూలు చూచి చూచి మసకలు కమ్ము కన్నులు, నూలుధూళి దగ్గు, వీనిని వివరించి చెప్పనక్కరలేకుండనే తెలిసికొనగల వైద్యురాలు మన బస్తీలో ఒకతె ఉండినచో నష్టమెవరికి? పైన చెప్పిన పిల్ల ఐదేండ్లు ఆ గుంటలోనే కూర్చున్నది.

ఇక సంఘములు చేయగల పని. నేతవారి పిల్లలకు కేంద్రప్రభుత్వమిచ్చు ఉపకారవేతనము జౌళి చదువులకే గాని వైద్యవిద్యకు లేదు. కనుక త్రిఫ్టు ఫండునుండి, ఓపెన్ స్కూలు ఫీజు, పుస్తకములు, నీట్ దరఖాస్తు ఫీజు వరకు చిన్న అప్పు వడ్డీ లేకుండ ఇచ్చు ఏర్పాటును ప్రతి సంఘము ఆలోచింపవలెను. నీట్ దరఖాస్తుకు 2025లో జనరల్ వారికి 1,700 రూపాయలు, వెనుకబడిన తరగతులకు 1,600, షెడ్యూల్డు కులములు, తెగలకు 1,000 రూపాయలు అయినది; పెద్ద మొత్తము కాదు, అయినను గడువునాటికి చేతిలో లేక మానుకొన్న ఇండ్లు ఉన్నవి. ఏజెంట్లకు కట్టుటకు మాత్రము ఫండునుండి ఒక్క రూపాయి ఇయ్యరాదు. సభ్యుల కార్డులతోపాటు వారి పిల్లల నివాస, కుల సర్టిఫికెట్ల నకళ్లను, ఏ తరగతి ఏ ఊరిలో చదివినది వ్రాసిన పట్టికను ఒక రిజిస్టరులో ఉంచుట గుమాస్తాకు ఒక నెల పని.

ఆ పిల్ల గత జూలైలో జిల్లా స్టడీ సెంటరులో చేరినది. తమ్ముడు మగ్గము చూచుకొనుచున్నాడు. తల్లి వారమునకొకసారి వచ్చి, "అన్నా, ప్రాక్టికల్సు ఎప్పుడు?" అని అడిగిపోవుచున్నది. పదవ తరగతి నెగ్గి చదువు మానిన పిల్లలు, మగవారైనను ఆడవారైనను, తమ ప్రాంతములో ఎవరెవరు తిరిగి చదువ గోరుచున్నారో శాఖా కార్యదర్శులు పట్టిక వ్రాసి, వచ్చు సర్వసభ్య సమావేశమునకు పదిదినముల ముందుగా పంపవలెనని కోరుచున్నాము. త్రిఫ్టు ఫండు అప్పును గురించిన తీర్మానమును ఆ సమావేశములోనే మేము ప్రతిపాదించెదము.